చలికి కట్టిన తొడుగు

నైరీని మట్టిచేసిన వారం తిరక్కుండానే ఆమె తమ్ముడు సెల్విన్ ఆమె పొలాల్లో తిరిగే మూడు చక్రాల మోటారుబండిని లోయలోని చెత్తగోతిలోకి తోసేశాడు. అడగలేదు, చెప్పలేదు. ఇది జరిగిన సంగతి. దీని మీద రెండో మాట లేదని నైరీ మొగుడు డగల్ ఎనిమిదేళ్ళ కిందటే తేల్చుకున్నాడు. అప్పటినుంచి సెల్విన్‌తో మాటల్లేవు. కంచెకి అవతలి గడ్డి సెల్విన్‌ది, ఇవతలి గడ్డి డగల్‌ది. ఆవు దాటి వస్తే వెనక్కి తోలేస్తారు, తీగ తెగితే ఎవరి వైపు ముక్క వాళ్ళు లాగి కట్టుకుంటారు, తలెత్తి చూసుకోరు.

షెడ్డు రేకుల మీద వాన సన్నగా పడుతోంది. ఇది పాలు పితికే వేళ. కాని జూన్ నెల, ఈ దేశంలో నడిచలికాలం, ఆవులన్నీ వట్టిపోయి కడుపులతో ఉన్నాయి, పితకడానికేమీ లేదు. అయినా ఈ వేళయ్యేసరికి డగల్ మోకాళ్ళు వాటంతటవే లేవబోతాయి. నలభై ఏళ్ళు అదే పనికి లేచిన మోకాళ్ళు, వాటికి ఏ నెలో ఏం తెలుసు. మిగతా రోజంతా ఎలాగో గడిచిపోతుంది. పొద్దున కంచెలున్నాయి, మధ్యాహ్నం చల్లటి మాంసమూ రొట్టే ఉన్నాయి, రాత్రికి రేడియో ఉంది. ఈ ఒక్క గంటే ఏమీ లేకుండా నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ రోజుల్లో ఈ గంటకి అతను పాలషెడ్డులో మోటారు వేసి, గొట్టాలు కడుగుతూ చెవి అటే పెట్టుకునేవాడు. నైరీ బండి కొండెక్కుతున్న చప్పుడు. నీళ్ళ తొట్టి మలుపు దగ్గర గొంతు మారేది, వాగు దాటేటప్పుడు లోపలికి మింగేసినట్టయ్యేది, మళ్ళీ పైకి వచ్చేది. ఆవులు ఆమె కనబడకముందే చప్పుడుకే తలలు తిప్పి నడక మొదలుపెట్టేవి. ఆమె వాటిని తోలుకురావడం కాదు, చప్పుడు తోలుకొచ్చేది, ఆమె వెనకాల ఊరికే కూర్చుని వచ్చేది. ఆ చప్పుడు ఇవ్వాళ మళ్ళీ పుట్టాలి. పుట్టించి, దాని మీద కూర్చుని, మట్టిరోడ్డు వెంట సెల్విన్ గేటు ముందునుంచి ఒక్కసారి వెళ్ళాలి. ఆగక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. నువ్వు పూడ్చింది పూడ్చినట్టు ఉండలేదురా అని ఆ చప్పుడే చెబుతుంది. నిరుడు వసంతంనుంచి అతను చేస్తున్న పనంతా ఆ ఒక్క పోక కోసమే.

నిరుడు వసంతంలో వానలు ఆగకుండా పడితే లోయ గట్టు జారింది. జారిన బూడిదరంగు బంకమట్టిలోంచి, ముళ్ళపొదల మధ్య, లావాటి ముందు చక్రం ఒకటి బయటికి వచ్చి ఆకాశం వైపు చూస్తూ ఉంది. అరిగిపోయిన టబ్బులూ, చుట్టలు చుట్టిన పాత తీగా, చచ్చిన ఫ్రిజ్జూ, ఈ పొలంలో మూడు తరాలు పారేసినవన్నీ ఆ గోతిలోనే ఉన్నాయి. బండి వాటి కింద పాత నీళ్ళట్యాంకు రేకు చాటున తలకిందులుగా పడి ఉంది. ఆ రేకే దాన్ని కాపాడింది. ట్రాక్టరుకి గొలుసు కట్టి లాగాడు. ఆ రోజు టపా తెచ్చే మెరల్ గేటు దగ్గర కారు ఆపి కిటికీలోంచి చూసింది. 'ఏంటి డగల్, పాతిపెట్టినవాటిని తవ్వుకునే వయసా ఇది?' అంది. అతను గొలుసు బిగించుకుంటూ ఉన్నాడు. ఆమె పలకనివాళ్ళతో ఇంకా ఎక్కువ మాట్లాడే మనిషి. 'పట్నంలో తుక్కు కొట్టువాడు ఇలాంటివి తూకానికి తీసుకుంటాడు. పోనీ నన్ను పెళ్ళి చేసుకో, నేనూ తుక్కే, నన్ను కడిగి రంగు వేద్దువు గాని.' ఆమె నవ్వుకుంటూ పోయింది. తర్వాత ప్రతి వారం ఆమె ఏదో ఒక చిన్న పొట్లం తెచ్చేది, రబ్బరు రింగులో, ప్లగ్గో, 'ఇదిగో నీ కొత్త పెళ్ళికూతురికి నగలు' అంటూ. అవి తప్ప అతను కొన్నది లేదు. కొత్త సామాను ధరలు విన్నాక కొనదలచుకోలేదు. డబ్బు లేక కొంత, పంతం కొంత. పెట్రోలు ట్యాంకులో తుప్పు పొరలు పొరలుగా ఉంటే దాన్లో వెనిగరూ గుప్పెడు కంచె మేకులూ పోసి, పాత బొంతలో చుట్టి, సిమెంటు కలిపే యంత్రంలో వేసి ఒక మధ్యాహ్నమంతా తిప్పాడు. లోపల తెల్లగా వచ్చింది. బొంత నైరీదే, కాని అప్పటికే చిరిగింది. బిగుసుకుపోయిన పిస్టను మీద డీజిల్ పోసి వదిలేశాడు. రోజూ పొద్దున వచ్చి చెక్కముక్క పెట్టి సుత్తితో తట్టడం, కదలకపోవడం, ఇంకాస్త డీజిల్ పోయడం, పోవడం. అలా వేసవి పోయింది. ఒకనాడు తడితే వేలి మందం దిగింది. అప్పుడు అతను చుట్టూ చూశాడు, ఎవరికైనా చెబుదామని. ఎవరున్నారు. కుక్క కూడా ఆ శిశిరంలోనే పోయింది. సుత్తి మేకుకి తగిలించి, చేతులు తుడుచుకుని, వెళ్ళి బంగాళాదుంపలు ఉడకబెట్టుకున్నాడు.

సీటుకి చలికాలం ఆవులకి కప్పే మందపాటి గుడ్డ కత్తిరించి కుట్టాడు. టైర్లు మటుకు పాతవే, లోపలనుంచి ట్రాక్టరు ట్యూబు ముక్కలతో అతుకులు వేశాడు. వాటిలో గాలి ఎక్కువ పెట్టకూడదు. చేత్తో నొక్కితే అరచెయ్యి దిగాలి, పిండిముద్దలా. గాలి గట్టిగా కొడితే ఈ బండి బంతిలా ఎగిరి మనిషిని పడేస్తుంది. ఇది కొత్తలో ఎవరికీ తెలియదు. రెండు చక్రాల బండి అలవాటైన వాళ్ళందరూ ఈ బండి మీద ఒకటే తప్పు చేసేవాళ్ళు, మలుపులో కాలు కిందికి దించేవాళ్ళు. అతనూ చేశాడు. కొత్త బండి వచ్చిన మొదటిరోజు, నీళ్ళ తొట్టి మలుపులో, కాలు దించాడు. వెనక చక్రం మెల్లగా, పెంపుడు జంతువులా, అతని పిక్క మీదికి ఎక్కి, బూటు మీద ఆగింది. బురదలో కూర్చుండిపోయాడు. నైరీ కంచె పట్టుకుని వంగి నవ్వింది, ఊపిరాడక నవ్వింది. 'కాలు దించకు డగల్! అది పడిపోదు. నువ్వు పట్టి నిలబెట్టక్కర్లేదు. కాళ్ళు పైన పెట్టుకుని కూర్చో చాలు, అదే నిలబడుతుంది.' ఆ తర్వాత అతను దాన్ని ఎక్కలేదు. నవ్వినందుకు కాదు. నవ్వినందుకే. ఆమె మటుకు వారం తిరక్కుండా నేర్చేసుకుంది. ఏటవాలులో ఒళ్ళంతా పైవైపు వాల్చి, సీటు అంచున వేలాడుతూ, ఒక చక్రం గాల్లో తేలుతుంటే వెళ్ళేది. కొండవాలున గొర్రె నడిచినట్టు. సీటు పాత రెక్సిను విప్పినప్పుడు కూడా చూశాడు, ఎడమ అంచు ఒక్కటే అరిగిపోయి ఉంది, మనిషి కూర్చోవలసిన నడిమి భాగం కొత్తదానిలా ఉంది.

ఇంకా ఏం మిగిలింది. యాక్సిలరేటరు తీగ మిగిలింది. కుడి పిడి దగ్గర బొటనవేలితో నొక్కే చిన్న రేకు ఉంటుంది, దాన్నుంచి తీగ కార్బ్యురేటర్‌కి వెళుతుంది. కొత్త తీగ మొన్న మెరల్ తెచ్చిచ్చింది. కాని ఆ రేకుని అందుకోవాలంటే పిడి మీది గొర్రెతోలు తొడుగు కొయ్యాలి. అందుకే అతను ఆ పని అన్నిటికన్నా వెనక్కి నెట్టుకుంటూ వచ్చాడు. మట్టి ఎండి అట్టలా బిగిసింది, ఇనపతీగతో పిడికి బిగించి కట్టి ఉంది, కొయ్యకుండా రాదు. ఈ బండి మీద ఆమె చేత్తో కుట్టినది అదొక్కటే. గోనెసంచుల సూదితో కుట్టింది. ఆ కుట్లు కూడా ఆమె మామూలు కుట్లలా లేవు, పిల్లలు కుట్టినట్టు వంకరటింకరగా ఉన్నాయి. ఎందుకిది అని అతను అడిగితే 'చలికి' అంది. చలికే అనుకున్నాడు. ఆ చలికాలం నిజంగానే చేతులు కొరికేసింది. ఆమె కప్పులు జారవిడిచేది. పాలషెడ్డులో పొదుగుకి గొట్టాలు తగిలించలేక తడుముకుంటుంటే అతను ఆమె చేతిలోంచి లాక్కుని తనే తగిలించేవాడు. 'చలికి వేళ్ళు మొద్దుబారుతున్నాయి' అనేది. తోలు తొడుగు కుట్టుకుంది కదా, ఇంకేం చలి అనేవాడు.

తర్వాత వేసవి వచ్చింది, గడ్డి కోతలయ్యాయి, ఆఖరి బండి గడ్డి షెడ్డులోకి చేరిన సాయంకాలం ఆమె మెట్ల మీద అతని పక్కన కూర్చుని చెప్పింది. నరాల జబ్బు. చేతులనుంచి మొదలై ఒళ్ళంతా పాకుతుంది, మందు లేదు. 'నిన్ననే తెలిసింది డగల్' అంది. నిన్ననే. ఆ మాట అతను దాచుకున్నాడు. ఆమె వస్తువులు చాలావరకు ఆడవాళ్ళు వచ్చి మూటలు కట్టి తీసుకుపోయారు, దుస్తులూ, టోపీలూ, అల్లికసూదులూ. అతను పోనీ అన్నాడు. కాని ఆ 'నిన్ననే' అతనిది. మొదటిరోజునుంచి చివరిరోజుదాకా ఆ బరువు ఇద్దరూ కలిసే మోశారు, ఒక్క రాత్రే ఆమె ఒంటరిగా మోసింది, ఒకే ఒక్క రాత్రి. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు అతను ఆ లెక్కతోనే నిద్రపోయేవాడు. మిగతావాళ్ళు ఏం చేసినా, సెల్విన్ ఏం పూడ్చినా, అదొక్కటి ఎవరూ ముట్టుకోలేరని.

వాన కాస్త తగ్గింది. అతను కత్తి పదును చూసి, తీగ కత్తిరించి, కుట్ల వెంట తోలుని జాగ్రత్తగా విప్పాడు. మళ్ళీ కుట్టుకోవచ్చులే అనుకుంటూ. మట్టి పెళ్ళలు రాలాయి. లోపల ఉండవలసిన చిన్న రేకు కనబడలేదు. దాని మీద చెంచా ఉంది. వడ్డించే పెద్ద చెంచా, కాడ కత్తిరించి, గుంట భాగాన్ని రేకుకి అతికించి పెట్టారు. గుంట బయటికి తిరిగి ఉంది. అతను దాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. కుదరలేదు, బొటనవేలికి చేసింది కాదది. అరచెయ్యి పెట్టాడు. అరచెయ్యి ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది. వేళ్ళతో పనే లేదు. వేళ్ళు లేకపోయినా ముంజేతి బరువుతో నొక్కుకోవచ్చు.

చెంచా కాడ మొదట్లో ద్రాక్షగుత్తి నగిషీ సగం మిగిలి ఉంది. అతని తల్లి పెళ్ళికి ఇచ్చిన చెంచాలవి. ఒకటి పోయింది. ఎప్పుడు పోయిందో అతనికి బాగా తెలుసు, ఆ చలికాలం నడుమ ఊరి హాల్లో విందుకి నైరీ పాయసం తీసుకెళ్ళిన మర్నాడు. హాలు తాళాలు చూసే ముసలామే నొక్కేసిందని తేల్చి, ఆమె పోయేదాకా ఆమెని పలకరించలేదు, పోయాక చూడ్డానికి కూడా వెళ్ళలేదు. నైరీ అప్పుడు 'పోనీలే డగల్, చెంచానేగా' అంది. అని తల తిప్పుకుంది. ఆ చెంచా ఇదిగో ఇక్కడుంది. చలికాలంలో పోయిన చెంచా. గడ్డి కోతలకి ఆరేడు నెలల ముందు. 'నిన్ననే' కి ఆరేడు నెలల ముందు ఆమె చెయ్యి వేళ్ళతో పని లేకుండా బండి తోలుతోంది. బండి తాడు చివర కూడా, మామూలు పిడి తీసేసి, గడ్డిమోపులు కట్టే నారింజరంగు పురితో పెద్ద ఉచ్చు అల్లి ఉంది. తాడు లాగితేనే ఇంజన్ లేస్తుంది. పోయిన నెల ఆ తాడు బిగిస్తూ, ఇంత పెద్ద ఉచ్చు ఎందుకో ఈవిడకి అని విసుక్కున్నాడు. ఇప్పుడు అతను లేచి ఆ ఉచ్చులోకి ముంజెయ్యి దూర్చి చూశాడు. మోచెయ్యిదాకా పోయింది. అంతే. పిడికిలి మూయక్కర్లేదు.

అతుకు చూశాడు. చూడకముందే తెలుసు. రేకుకీ చెంచాకీ మధ్య వెల్డింగు ముద్దలు ముద్దలుగా, జారిపోయినట్టు. ఊరి స్కూల్లో ఇంకా రెండు గదులూ ఇద్దరు టీచర్లూ ఉన్న రోజులనుంచి సెల్విన్ చేతిపని ఎలా ఉంటుందో చుట్టుపక్కల అందరికీ తెలుసు. గేట్లు అతికినా, నాగలి అతికినా అదే, పక్షి రెట్ట వేసినట్టు ఉంటుంది. గడ్డి కోతల దగ్గర మగవాళ్ళు ఆ అతుకుల కింద నిలబడి టోపీలు పెట్టుకునేవాళ్ళు, మీద పడుతుందేమోనని. సెల్విన్ కూడా నవ్వేవాడు. ఊడదు కదరా అనేవాడు. ఊడేది కాదు. ఎనిమిదేళ్ళు మట్టిలో ఉండి కూడా ఊడలేదు.

అంటే ఆమె తన వంటింటి చెంచా కోటు చాటున పెట్టుకుని కంచె దాటి తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. మొగుడు పాలషెడ్డులో ఉన్నాడు, కంచెకి ఇవతలే ఉన్నాడు, అతుకు వెయ్యడం అతనికీ వచ్చు, అంతకన్నా బాగా వచ్చు. ఆ రెండు నిమిషాల దూరం ఆమె ఎదురు దిక్కుకి నడిచింది. అతని చేతులు పని మానలేదు. కొత్త తీగని రేకు చిల్లులోకి ఎక్కించి, ఇటు కొస కార్బ్యురేటర్‌కి తగిలించి, మర బిగించి, ట్యాంకు కింది కుళాయి తిప్పాడు. చేతులకి చెప్పక్కర్లేదు, అవి వాటి పని చేసుకుపోతాయి. ఉచ్చులోకి ముంజెయ్యి దూర్చి ఒళ్ళంతా వెనక్కి విసిరాడు. ఒకసారి. రెండోసారి దగ్గింది. మూడోసారి షెడ్డు గోడలు అదిరాయి.

అదే చప్పుడు. ఎక్కడా తేడా లేదు. ముందు గొంతులో గరగర, తర్వాత తేరుకుని నిలకడ. తలుపులోంచి చూస్తే కొండవాలున కడుపులతో ఉన్న ఆవులు మేస్తూనే ఉన్నాయి, వాటికిది ఎప్పుడూ వినని చప్పుడు. చెవి చీలిన ముసలి ఆవొకటి మటుకు తల ఎత్తింది. అది ఆ కాలంనాటిది, ఇక ఈనకపోయినా అతను అమ్మకుండా ఉంచినది. అది కాసేపు అలాగే నిలబడి, తర్వాత వట్టిపొదుగు ఊపుకుంటూ గేటు వైపు నడక మొదలుపెట్టింది. ఎందుకు వస్తున్నావే, అన్నాడు డగల్ పైకే. గేటు దగ్గర ముసలి ఆవు ఆగింది. దాని వెనక, వానకోటులో, సెల్విన్ నిలబడి ఉన్నాడు. ముసలాడైపోయాడు. అతను ఆవుని పక్కకి నెట్టి, గేటు తీసి, మళ్ళీ వేసి, షెడ్డు గుమ్మందాకా వచ్చి అక్కడే ఆగాడు.

'లోయ అవతలికి వినిపించింది' అన్నాడు సెల్విన్. 'అక్కే అనుకున్నాను ఒక్క క్షణం.' డగల్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. 'పొగ నల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువ తాగుతోందిరా, కాస్త తగ్గించు.'

'నిన్నడిగానా?'

'అడగలేదు.'

డగల్ పక్కకి జరిగి చెంచా కనబడేలా నిలబడ్డాడు. 'ఈ రెట్ట నీదేనా?'

సెల్విన్ చూశాడు. చూసి, నేల మీద కోసి పడేసిన తొడుగు చూశాడు. టోపీ తీసి నీళ్ళు దులిపాడు, మళ్ళీ పెట్టుకోలేదు. 'నాదే. ఇంత ఘోరంగా ఇంకెవడు అతుకుతాడు.'

'గోతిలోకి తోయమన్నది ఎవరు?'

ఇంజన్ చప్పుడులో సెల్విన్ జవాబు వినబడలేదు. వినబడక్కర్లేదు. అయినా అతను గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసి గట్టిగా చెప్పాడు. 'అక్కే. డగల్ ఏ వస్తువునీ ఊరికే ఉండనివ్వడు, విప్పి చూస్తాడు, చూస్తే ఎప్పుడు మొదలైందో తెలిసిపోతుంది, తెలియకూడదు అంది. మాట తీసుకుంది. నేను చెప్పానురా, నీకు చెప్పెయ్యమని ఎన్నిసార్లో చెప్పాను. అప్పుడామె ఏమందంటే...'

'ఆపు.'

'ఎనిమిదేళ్ళనుంచి ఆ మాట గొంతులో పెట్టుకుని ఉన్నాను డగల్. ఒక్క మాట. వింటే నీకు...'

'ఆపమన్నాను. తోసింది నువ్వు. ఎవరు తోయమన్నా తోసింది నువ్వే, అది మారదు. ఆమె ఏమందో అది నీ దగ్గరే ఉంచుకో. ఇక ఈ సంగతి నా ముందు ఎత్తకు, నేనూ ఎత్తను. వెళ్ళు.'

సెల్విన్ టోపీ పెట్టుకుని వెళ్ళాడు. గేటు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. ముసలి ఆవు కదల్లేదు, గేటు మీద గడ్డం ఆనించి షెడ్డు వైపే చూస్తోంది.

సెల్విన్ గేటు ముందునుంచి వెళ్ళవలసిన పోక ఇక లేదు. ఎవరికి వినిపించాలి, విన్నాడుగా. డగల్ బండి ఎక్కి కూర్చున్నాడు, సీటు నడిమి భాగంలో, ఆమె ఎప్పుడూ కూర్చోని చోట. కాళ్ళు రెండూ పైన పెట్టుకున్నాడు. బండి నిలబడే ఉంది. పిడి మీద చెయ్యి వేస్తే అరచెయ్యి మళ్ళీ ఆ గుంటలోకి వెళ్ళింది. నొక్కాడు, చప్పుడు పెరిగింది, వదిలాడు, తగ్గింది. షెడ్డు గోడకి ఎదురుగా, ఎక్కడికీ పోకుండా, చీకటి పడేదాకా అలా కూర్చుని, ఇంజన్ ఆపాడు. ఆపాక వాన చప్పుడు మళ్ళీ వచ్చింది. దిగి, కింద పడ్డ తోలు ముక్క తీసి దులిపి, చెంచా మీద కప్పాడు. కుట్టడానికి వెలుతురు చాలలేదు. ఇనపతీగ తెచ్చి మూడు చుట్లు చుట్టి, పటకారుతో బిగించి, కొస లోపలికి మడిచాడు, ఎవరి చేతికీ గీసుకోకుండా. రేపు మెరల్ వస్తుంది, అదేమిటి ఆ పిడికి అని అడుగుతుంది, అడక్కుండా ఉండదు. చలికి కట్టిన తొడుగు అంటాడు. అంతకుమించి ఆ సంగతి ఇక అతని నోట రాదు.